లేబుల్ లేని గొంతు

మా ఆయన గొంతును నేనే తుడిచేశాను. పొద్దున్న పదిన్నరకి, కళ్ళజోడు పెట్టుకుని మరీ, పూర్తి తెలివితో. కంప్యూటర్ చేసిందని చెప్పుకోవచ్చు, ఆ దిక్కుమాలిన సాఫ్ట్‌వేర్ చేసిందని చెప్పుకోవచ్చు. నన్ను ఓదార్చడానికి మా తమ్ముడు అలాగే అంటున్నాడు. నొక్కిన వేలు మాత్రం నాది.

మొదటినుంచీ చెప్తాను. ఆయన కూరగాయల మార్కెట్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు వేలం పాడారు. అక్కడ అందరూ ఆయన్ని ‘కంచు’ అనేవారు, అసలు పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. తెల్లారి ఆయన పాట ఎత్తుకుంటే గేటవతల లారీల్లో పడుకున్నవాళ్ళు లేచి కూర్చునేవారు. ఆ పాటకి ఒక పద్ధతుంది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని, బల్ల మీద ఒక్క దెబ్బ. అంతే, సరుకు వెళ్ళిపోయినట్టే, ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా వెనక్కి రాదు. మూడోసారి అనకుండా రెండు దెబ్బలు కొడితే మాత్రం పాట ఆగిందని అర్థం. బస్తా అడుగున కుళ్ళుందనో, తూకంలో తేడా ఉందనో. రెండు దెబ్బలు పడ్డాక ఎంత పెద్ద వ్యాపారైనా నోరు మూసుకుని నిలబడాల్సిందే. ఇంట్లోనూ ఆయనకి అదే అలవాటు. నేను నోరు తెరిచి ఎంతకీ ఆపకపోతే భోజనాల బల్ల మీద ఠక్ ఠక్‌మని కొట్టేవారు. మార్కెట్టంతా ఆగేది గాని నేను ఆగేదాన్ని కాదు.

నాది ఆసుపత్రిలో మందుల స్టోరు. ఇరవై ఆరేళ్ళు స్టోర్‌కీపర్‌గా చేసి కిందటేడు రిటైరయ్యాను. గడువు దాటిన మాత్ర ఒక్కటి నా అరల్లో దొరికిందని ఎవరూ అనలేదు. నా స్టోరులో సూత్రం ఒక్కటే: లేబుల్ లేని సీసా విషంతో సమానం. లోపలున్నది అమృతమే కావచ్చు, నాకనవసరం. నేను కొత్తగా చేరినప్పుడు, అనుమానమున్న సరుకు పెట్టే తాళం బీరువాలోంచి ఒక నర్సు పొరపాటున అలాంటి సీసా వార్డుకి పట్టుకెళ్ళింది. రోగి చావు తప్పి కన్ను లొట్టపోయి బయటపడ్డాడు. ఆ రోజుతో తాళం బీరువా మీద నాకు నమ్మకం పోయింది. అనుమానమొస్తే దాచడాల్లేవు, అప్పటికప్పుడు దగ్గరుండి పగలగొట్టించేదాన్ని.

రెండేళ్ళ కిందట ఆయనకి గొంతులో గడ్డ లేచింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యక తప్పదన్నారు. ఆపరేషన్‌కి పన్నెండు రోజులుందనగా స్పీచ్ డాక్టరమ్మ ఒకతని సంగతి చెప్పింది. అతనికీ గొంతు పోయిందట, ఒకప్పుడు ఇంజనీరట. మనిషి ముందుగానే ఓ వెయ్యి వాక్యాలు చదివి పంపితే, ఆ ముక్కల్నే కలిపి, అదే గొంతుతో మాట్లాడే ప్రోగ్రాం కట్టి ఇస్తాడట. కంప్యూటర్ మీద ఏ మీట కొడుతున్నామో అది కనిపెట్టి చూస్తూ ఉంటుంది, వాక్యం అవగానే పైకి పలుకుతుంది. తెర మీద దాని గుర్తు ఓ పచ్చ చిలక. అందుకని అతనికి మేము చిలక మాష్టారని పేరు పెట్టుకున్నాం.

ఆ పన్నెండు రోజులూ వెనక గదిలో కిటికీలు బిగించి, తలుపుకి దుప్పటి వేలాడదీసి ఆయన చదివారు. ‘ఈ రోజు గాలి ఎక్కువగా ఉంది.’ ‘నా ఎడమ భుజం నొప్పిగా ఉంది.’ అన్నీ ఇలాంటివే. మధ్యలో ఇంకో చప్పుడు వినిపిస్తే ఎర్ర దీపం వెలిగి ఆ వాక్యం చెల్లదనేది, మళ్ళీ చదవాలి. చప్పుడు ఎక్కడినుంచి వస్తుంది, సెలవు పెట్టి ఇంట్లో ఉన్న నానుంచే. మందు వేసుకున్నారా, డాక్టరమ్మకి ఫోన్ చెయ్యనా, గొంతు అంత ఎత్తకండి. ఉండబట్టలేక తలుపు తోసేదాన్ని. ఆయన ఠక్ ఠక్‌మనేవారు. నేను నా మాట పూర్తి చేసే వెళ్ళేదాన్ని.

ఆపరేషనయ్యాక నలభయ్యో రోజున మొదటిసారి ఆయన టైప్ చేసి మీట నొక్కితే పెట్టెలోంచి, “ఏడుస్తావేమే, బతికే ఉన్నానుగా” అని వచ్చింది. ఆయన గొంతే. కాస్త అతుకులు తెలుస్తాయి, అంతే. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. దాదాపు రెండేళ్ళు ఆ చిలకతోనే కాపురం చేశాం. మార్కెట్ కబుర్లు చెప్పేవారు, అల్లుణ్ణి ఆటపట్టించేవారు, నన్ను తిట్టేవారు. నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే మటుకు ఆయన మూగవారే. రాసి చూపించడానికి పలక ఉండేది గాని అది ఎప్పుడూ వేరే గదిలో ఉండేది.

ఇలా ఉండగా ఎదురు మేడలో ఫొటోగ్రాఫరు కంప్యూటర్లో వైరస్ పడింది. పదహారేళ్ళ ఫొటోలు ఒక్కటి మిగల్లేదు. మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్న మనిషిని చూశాను. రేపు ఈయన గొంతుకి ఇదే గతి పడితే? ఆ పూటనుంచి నాకు తిండి సయించలేదు.

అల్లుడికి ఫోన్ చేశాను. “అత్తయ్యా, కంప్యూటర్‌తో వచ్చిన రక్షణ చాలు. దాన్ని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేస్తూ ఉండండి. మామయ్య గొంతు ఫైలు మాత్రం రెండు మూడు చోట్ల కాపీ పెట్టండి. ఒక కాపీ కంప్యూటర్‌కి ఎప్పుడూ తగలకుండా ఉండాలి” అన్నాడు.

“ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉంది లెండి బాబూ, నా సూదుల డబ్బాలో భద్రంగా పెట్టాను. అయినా కంప్యూటర్‌తో ఊరికే వచ్చిన కాపలావాడు ఏం కాపలా కాస్తాడు? నిద్రపోతాడు” అన్నాను.

తమ్ముడు ఇంకో పేరు చెప్పాడు. “అక్కా, నేను ఆరేళ్ళుగా ఇదే వాడుతున్నాను, ఒక్క మాట అడగదు, గుట్టుగా పని చేసుకుపోతుంది.”

“ఒరేయ్, అడక్కుండా పని చేసేవాళ్ళని నేను స్టోరులోనే ఉంచుకోలేదు. ఇంట్లో ఉంచుకుంటానా?”

మరి నేనేం చేశాను? మూడు రోజులు కూర్చుని వైరస్‌లని పట్టే తొమ్మిది ప్రోగ్రాంల వివరాలు కాగితం మీద గీతలు గీసి రాసుకున్నాను, టెండర్లకి మందుల కంపెనీలని పోల్చినట్టు. ఏది ఎన్ని పట్టుకుంటుంది, కంప్యూటర్‌కి ఏది ఎంత బరువు. చివరికి అందరూ ‘ఇది మరీ అనుమానప్పక్షి, మంచివాటిని కూడా పట్టుకుంటుంది’ అని తిట్టిపోసినదాన్ని ఎంచుకున్నాను. తిట్లు చదువుతుంటే నా గురించి వార్డువాళ్ళు రాసిన ఫిర్యాదులే గుర్తొచ్చాయి. ఇదీ పద్ధతైన మనిషంటే, అనుకున్నాను. మెత్తగా, మధ్యస్థంగా, కఠినంగా అని మూడు రకాలు అడిగింది. కఠినం అన్నాను. వినాశకాలే విపరీత బుద్ధి.

ఆ పొద్దున్న ఆయన బాల్కనీలో పళ్ళు తోముకుంటున్నారు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఆ కొత్త కాపలాదారు చేత వెతుకులాట మొదలుపెట్టించాను. పనిలో పనిగా, ఒక చోట శుభ్రం చేసి ఇంకోచోట మురికి వదిలేస్తే ఎలా అని, సూదుల డబ్బాలోంచి పెన్‌డ్రైవ్ తీసి అది కూడా గుచ్చాను. అల్లుడు వద్దన్న ఒక్క పనీ అదే. నాకప్పుడు తట్టనే లేదు.

అరగంటకి జాబితా వచ్చింది. పద్నాలుగు. పదమూడు ఏవో చెత్త ప్రకటనల తాలూకు. పద్నాలుగోది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఏమండీ, విన్నారా! ఇంట్లో దొంగ ఉన్నాడండీ!” అని గట్టిగా చదివాను. “పేరేమో అంకెలూ అక్షరాలూ. తయారీదారు ఎవరో తెలియదట. సంతకం లేదట. మీరు కొట్టే ప్రతి మీటనూ కనిపెట్టి చూస్తోందట! రెండు చోట్ల ఉందట, సిగ్గులేనిది, పెన్‌డ్రైవ్‌లోకి కూడా దూరింది!”

చిలక బొమ్మ అక్కడ లేదు. ఉంటే గుర్తుపట్టేదాన్నేమో. తయారీదారు తెలియదు అంటే నాకు కనిపించింది లేబుల్ లేని సీసా. తాళం వేసి పక్కన పెట్టమంటారా, శాశ్వతంగా నాశనం చెయ్యమంటారా అని అడిగింది. తాళం బీరువాలూ గీళం బీరువాలూ నా దగ్గర చెల్లవు. నాశనం అన్నాను. తిరిగి రాదు, ఖాయమేనా అంది. ఖాయమే అన్నాను.

అప్పటికి ఆయన బ్రష్షు నోట్లో ఉండగానే పరిగెత్తుకొచ్చారు. బల్ల మీద కొట్టారు. ఠక్ ఠక్.

“ఉండండీ, ఒక్క నిమిషం.”

మళ్ళీ ఠక్ ఠక్. నురగంతా బల్ల మీద పడింది. నా మణికట్టు పట్టుకున్నారు.

“అబ్బ, మధ్యలో చెయ్యి పెట్టకండి, నాకు తెలుసు నేనేం చేస్తున్నానో!” అని విదిలించుకున్నాను. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది కూడానా అని అది మూడోసారి అడిగింది. అవునన్నాను. ఆకుపచ్చ టిక్కు పడింది. ‘మీ కంప్యూటర్ ఇప్పుడు సురక్షితంగా ఉంది.’

ఆయన నన్ను కుర్చీలోంచి లేపి తాను కూర్చున్నారు. చిలక ఉన్నచోట తెల్ల కాగితం గుర్తొకటి ఉంది. నొక్కితే ఏమీ రాలేదు. ఖాళీ పేజీ తెరిచి టైప్ చేశారు. మీటల టకటక తప్ప చప్పుడు లేదు. తెర మీద మూడే మాటలు.

‘నా గొంతు ఏది?’

నాకు అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. కంచే చేను మేసింది, ఆ కంచె నేనే.

అల్లుడు, “అత్తయ్యా, ఇక ఏమీ నొక్కకండి, కంప్యూటర్ ఆపెయ్యండి” అంటూ ఆఫీసులోంచి పరిగెత్తుకొచ్చాడు. పోయిన ఫైళ్ళు తిరిగి తీసే ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ రెండు రోజులుంచుకుని, “అమ్మా, మామూలుగా తుడిస్తే తీయగలను. ఇది కఠినంగా పెట్టారు కదా, ఆ చోటు మీద నాలుగుసార్లు చెత్త రాసి పూడ్చేసింది. రెండింట్లోనూ” అంది. ఆవిడ కాళ్ళు పట్టుకోబోయాను. అల్లుడు నా భుజాలు పట్టుకుని లేపాడు.

చిలక మాష్టారికి మెయిల్ రాశాను. అరగంటలో జవాబొచ్చింది. ‘నేను ఎవరి గొంతూ నా దగ్గర ఉంచుకోనమ్మా. గొంతు తాళంచెవి లాంటిది, కట్టి ఇచ్చిన రోజే నా దగ్గరున్నదంతా తీసేస్తాను. మీరు సంతకం పెట్టిన కాగితంలో ఉంది. మొదట చదివిన రికార్డింగులు ఏమైనా మిగిలితే పంపండి.’ ఏవీ మిగల్లేదు. అతనికి చేరిన వాక్యాన్ని చేరినట్టే ఇక్కడ తుడిచేసేది ఆ రికార్డు చేసే ప్రోగ్రాం.

ఇంట్లో ఆయన పలక తీసి ఫ్రిజ్ మీద బోర్లా పెట్టేశారు. ఇదే నన్ను చంపింది. తిట్టలేదు, రాయలేదు, చేత్తో సైగ కూడా చెయ్యలేదు. తింటారు, కంచం కడుక్కుంటారు, కిటికీ వైపు తిరిగి కూర్చుంటారు. అల్లుడు ఫోన్లో వేరే గొంతు పెట్టి ఇస్తే, ఎవరో కుర్రాడి గొంతు, ఒక వాక్యం విని ఫోన్ బోర్లించారు. నేను ఎదురుగా వెళ్ళి, “కొట్టండి. పోనీ తిట్టండి. రాసి తిట్టండి!” అన్నాను. లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయారు. ఆపరేషనయ్యాక మూగగా ఉన్న నలభై రోజులూ కూడా పలక మీద రాసి జవాబు చెప్పేవారు. నలభై ఏళ్ళలో ఆ ఇంట్లో మాటన్నది నాదొక్కటే కావడం అప్పుడే మొదటిసారి. నాకే రోత పుట్టింది.

తొమ్మిది రోజులు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఇంకేం చెయ్యాలో తోచక కంప్యూటర్లో అర అరా వెతకడం మొదలుపెట్టాను, స్టోరులో సంవత్సరాంతపు లెక్కకి వెతికినట్టు. ఒక మూల ‘చెల్లనివి’ అని ఒక ఫోల్డరు కనపడింది. లోపల నూట పన్నెండు రికార్డింగులు. ఎర్ర దీపం వెలిగి తిప్పికొట్టిన వాక్యాలు. వాటిని ఎవరూ పంపలేదు, ఎవరూ తుడవలేదు.

ఒక్కటి కూడా వినలేదు నేను. వినే ఓపిక లేదు. అన్నీ మూటగట్టి చిలక మాష్టారికి పంపి, ఆయన దగ్గరికి పరిగెత్తి, “దొరికాయండీ, నూట పన్నెండు! కడతాడు, మళ్ళీ కడతాడు!” అన్నాను. ఆయన తల తిప్పి చూశారు. తొమ్మిది రోజుల తర్వాత ఆ కళ్ళలోకి చూశాను.

మర్నాడు జవాబొచ్చింది.

‘అమ్మా, నూట పన్నెండూ విన్నాను. దేంట్లోనూ ఆయన ఒక్కరే లేరు. ఒక ఆడమనిషి గొంతు ఆయన మీద పడుతూనే ఉంది. విడదీసి చూశాను, చిరిగిపోతోంది. ఎనభై ఏడోదాంట్లో మాత్రం మొదటి పదకొండు సెకన్లు శుభ్రంగా ఉన్నాయి. నా పద్ధతికి పదకొండు సెకన్లు చాలవు. అంత చిన్న ముక్కతో కూడా గొంతు కడతామనేవాళ్ళు ఈ రోజుల్లో ఉన్నారు. మిగతాదంతా యంత్రం ఊహించుకుని పలుకుతుంది. అది ఆయన గొంతు అవునో కాదో ఆయన్నే అడగండి. ఆ ముక్క శుభ్రం చేసి వెనక్కి పంపుతున్నాను. చివర్లో ఆ ఆడమనిషి మాట తీసెయ్యలేదు, తీసేసే హక్కు నాది కాదనిపించింది.’

ఆడమనిషి ఎవరో అతనికి తెలియదు పాపం. అమ్మా అని రాస్తున్నది ఆవిడకేనని తెలియదు.

కంప్యూటర్ తెచ్చి ఆయన ముందు బల్ల మీద పెట్టాను. ఏం దొరికిందో, ఏం దొరకలేదో చెప్పాను. ఏడవకుండా చెప్పాను. ఫైలు తెరవబోతే మళ్ళీ ఆ కాపలాదారు అడ్డొచ్చింది. ‘తెలియని చోటునుంచి వచ్చింది. నమ్ముతారా? నాశనం చెయ్యాలా?’

నా వేలు వెనక్కి తీసుకున్నాను. కంప్యూటర్ ఆయన వైపు తిప్పి, “మీరు చెప్పండి” అన్నాను. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో గాని, నలభై ఏళ్ళ కాపురంలో గాని ఆ మాట నేను అన్న గుర్తు లేదు. ఆయన తెర దగ్గరికి వంగి, నమ్ముతాను అన్నచోట నొక్కారు.

గదిలోకి ఆయన గొంతు వచ్చింది. అతుకుల్లేని గొంతు. మార్కెట్ గొంతు. చదవమన్న వాక్యం కాదది. ఆపరేషన్‌కి ముందు రోజు, గదిలో ఒక్కరే ఉన్నాననుకుని, మైకు ముందు వేళాకోళం ఆడుకుంటున్నారు.

“కంచు గొంతు బాబూ కంచు గొంతు, ముప్ఫై ఒక్క ఏళ్ళు వాడింది, కాస్త బొంగురు తప్ప లోపం లేదు! ఒకటోసారి… రెండోసారి…”

“ఇదేం సంతండీ? లిస్టులో ఉన్నవి చదవండి, టైమైపోతోంది!” నా గొంతు. తలుపు చప్పుడు. అయిపోయింది.

ఆయన తన గొంతుని తనే వేలం వేసుకుంటుంటే, మూడోసారి అనబోతున్న మనిషి మీద నేను అరిచాను. తర్వాత ఏమన్నారో, అసలు అన్నారో లేదో నాకు తెలియదు. నేను వినలేదు, నా మాట చెప్పి వెళ్ళిపోయాను.

ఆయన మళ్ళీ వెయ్యమని వేలు చూపించారు. వేశాను. ఈసారి, రెండోసారి అన్న మాట అవుతూనే నా గొంతు రాకముందే ఆపాను. ఆయన పెదాలు కొంచెం తెరుచుకున్నాయి. పిడికిలి బిగించి బల్ల మీదికి ఎత్తారు.

ఒక దెబ్బ పడింది.

ఒక్క దెబ్బంటే సరుకు వెళ్ళిపోయినట్టే. వద్దండీ అని నోటిదాకా వచ్చిన మాటని పళ్ళ బిగువున ఆపుకున్నాను. ఆయన నావైపే చూస్తున్నారు. పిడికిలి మళ్ళీ లేచింది, గాల్లో కాసేపు అలాగే ఉంది.

రెండో దెబ్బ పడింది. పాట ఆగింది.

నేను నోరు మూసుకుని నిలబడ్డాను.